కింగ్స్ ఆఫ్ వార్ థర్డ్ ఎడిషన్ రివ్యూ: డ్వార్ఫులూ అన్‌డెడ్‌లూ ఒకే టేబుల్ మీద

ముందే చెప్పేస్తా, ఈ గేమ్‌లో డైస్ ఎంత పడ్డాయన్నదానికన్నా మీ సైనికుల బొమ్మల్ని వరసగా నిలబెట్టిన ట్రే ఏ కోణంలో పెట్టారన్నదే ఎక్కువ లెక్క. బొమ్మల సైన్యాలతో ఫాంటసీ యుద్ధం అనగానే గుప్పెడు డైస్ విసిరి కేకలేసుకోవడం అనుకుంటారు చాలామంది, అదీ ఉంది, కాదనను, కానీ ఇక్కడ గెలుపోటములు సగం పైగా మూవ్‌మెంట్ ఫేజ్‌లోనే తేలిపోతాయి. డైస్ చేతిలోకి తీసుకునేటప్పటికే ఎదుటివాడి మొహం చూస్తే తెలిసిపోతుంది వాడికి ఫ్లాంక్, అంటే పక్క భాగం, పోయిందని.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కింగ్స్ ఆఫ్ వార్ మాంటిక్ గేమ్స్ వాళ్ళది, 2010లో మొదటిసారి వచ్చింది, రూల్స్ రాసింది అలెస్సియో కవటోరే, ఆయన అంతకుముందు గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీలో వార్‌హామర్ అనే ఇలాంటి బొమ్మల యుద్ధం గేమ్ మీద పనిచేసిన మనిషే. రెండో ఎడిషన్ 2015లో వచ్చింది, సరిగ్గా అదే ఏడాది గేమ్స్ వర్క్‌షాప్ 1983 నుంచి నడుస్తున్న వార్‌హామర్ ఫాంటసీని పక్కనపెట్టి గుండ్రటి బేసుల (బొమ్మ కాళ్ళ కింది పీటలు) మీద ఆడే ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చింది, దాంతో చదరపు బేసుల మీద వరసలు వరసలుగా సైన్యాలు అంటించుకుని కూర్చున్నవాళ్ళు చాలామంది ఆ బొమ్మలు పట్టుకుని ఇటొచ్చేశారు. నేను ఆడిందీ రాస్తున్నదీ 2019లో వచ్చిన మూడో ఎడిషన్ గురించి. ఎడిషన్ మారితే నంబర్లు మారతాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి, వేరే ఎడిషన్ పుస్తకం ముందేసుకుని నాతో వాదనకి రావద్దు.

ఇంక అసలు విషయం. ఇందులో ఒక్కొక్క బొమ్మ చచ్చిపోదు. ఇరవై మంది అస్థిపంజరాల రెజిమెంట్ అంటే అది ఒక్కటే వస్తువు, చివరిదాకా ఇరవై మందీ ట్రే మీదే ఉంటారు, దెబ్బ తగిలితే పక్కన ఒక డై పెట్టో చిన్న కౌంటర్ పెట్టో డామేజ్ లెక్క రాసుకుంటాం, అంతే. మరి ఎప్పుడు పోతుంది అంటే నెర్వ్ అని ఒకటుంది, నా దృష్టిలో ఈ గేమ్ ప్రాణమంతా అందులోనే ఉంది. ప్రతి యూనిట్‌కీ రెండు నంబర్లుంటాయి, ఉదాహరణకి 14/16 అనుకోండి. మీరు కొట్టి ఆ యూనిట్‌కి మొత్తం ఆరు డామేజ్ చేరేలా చేశారు, ఇప్పుడు మీరే రెండు డైస్ వేసి ఆ ఆరుకి కలుపుతారు, మొత్తం 14 కన్నా తక్కువైతే వాళ్ళు నిలబడ్డట్టు, 14 గానీ 15 గానీ వస్తే బెదిరినట్టు, అంటే తర్వాతి టర్న్‌లో ఛార్జ్ చెయ్యలేరు షూట్ చెయ్యలేరు, 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మొత్తం రెజిమెంట్ ఒక్కసారిగా టేబుల్ మీంచి లేచిపోతుంది, దీన్నే రౌట్ అంటారు. అంటే ఇక్కడ లెక్క ఎంతమంది చచ్చారని కాదు, ఎప్పుడు గుండె జారిందని. యుద్ధం అంటే నిజానికి ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది, ఆఖరి మనిషి దాకా కొట్టుకోవడం మామూలుగా జరగదు కదా, ఒక చోట ఒకడు వెనక్కి తిరిగితే మిగతావాళ్ళూ తిరుగుతారు.

ఇంకోటి, గమనించారో లేదో, నెర్వ్ డైస్ కూడా కొట్టినవాడే వేస్తాడు. మీ టర్న్‌లో మీరు మాత్రమే డైస్ పట్టుకుంటారు, ఎదుటివాడికి తిరిగి కొట్టే పని కూడా లేదు, వాడి టర్న్ వచ్చినప్పుడు వాడు కొడతాడు. దెబ్బ తప్పించుకోవడానికి ఎదుటివాడు వేసే సేవ్ రోల్స్ లేవు, మధ్యలో ఆగండాగండి నాకో రియాక్షన్ ఉంది అనే గొడవ లేదు. అందుకే ఈ గేమ్‌కి చెస్ క్లాక్ అంత చక్కగా సరిపోతుంది, ఒక్కొక్కరికి గంట పెట్టుకుని మీ టర్న్ అవ్వగానే గడియారం కొట్టెయ్యొచ్చు. రెండు వేల పాయింట్ల యుద్ధం ఒక పూటలో శుభ్రంగా ఐపోతుంది. వేరే గేముల్లో మూడో టర్న్‌కే చీకటిపడి సరే నువ్వే గెలిచావులే అనుకుని బొమ్మలు సర్దేసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

ఐతే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎదుటివాడి టర్న్‌లో మీరు చెయ్యడానికి ఏమీ ఉండదు. ఊరికే చూస్తూ కూర్చోవాలి. వాడు నెమ్మదిగా ఆలోచించే రకం ఐతే, క్లాక్ కూడా లేకపోతే, నరకం. నేనైతే క్లాక్ లేకుండా ఆడను ఇక.

ఆర్క్‌ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కింద రాసేది అర్థం కాదు. ప్రతి ట్రేకి నాలుగు మూలల నుంచి 45 డిగ్రీల గీతలు గీసినట్టు ఊహించుకోండి, ముందు వెనక రెండు పక్కలు నాలుగు భాగాలౌతాయి. ఛార్జ్ మొదలయ్యేటప్పుడు మీ ట్రే ముందంచు మధ్య బిందువు వాడి ఏ భాగంలో ఉంటే ఆ వైపునే గుద్దాలి. ముందు నుంచి గుద్దితే మామూలు అటాక్స్ (అంటే కొట్టడానికి వేసే డైస్), పక్క నుంచి ఐతే రెట్టింపు, వెనక నుంచి ఐతే మూడు రెట్లు. మూడు రెట్లు అంటే ఎంత అనేది మొదటిసారి తిన్నప్పుడే తెలుస్తుంది, అప్పటిదాకా కొండలా కనిపించిన యూనిట్ ఒక్క దెబ్బకి ఖాళీ.

మా బావ డ్వార్ఫులు ఆడతాడు, నేను అన్‌డెడ్, అంటే చచ్చి లేచినవాళ్ళ సైన్యం. ఇద్దరం రెండు వేల పాయింట్ల చొప్పున, ఆరడుగులు బై నాలుగడుగుల టేబుల్, డామినేట్ సినారియో. ఆఖరికి టేబుల్ నట్టనడుమ బిందువు నుంచి పన్నెండు అంగుళాల్లోపల ఎవరి యూనిట్ల బలం ఎక్కువుంటే వాళ్ళది గెలుపు, ఎన్ని చంపాం అనేదానికి మార్కుల్లేవు. బావ దగ్గర ఐరన్‌క్లాడ్ హోర్డ్ ఒకటి, అంటే నలభై మంది బరువైన కవచాల డ్వార్ఫులు, పక్కన షీల్డ్‌బ్రేకర్లు, ఐరన్‌వాచ్ తుపాకులవాళ్ళు, ఒక ఫిరంగి, పెద్ద బాడ్జర్ల మీద స్వారీ చేసే బ్రాక్ రైడర్లు, మధ్యలో కింగ్. నా వైపు అరవై బొమ్మల జాంబీ లీజన్, రెవెనెంట్ల హోర్డ్, రెండు స్కెలిటన్ రెజిమెంట్లు, గూల్స్, వేర్‌వుల్ఫ్‌లు, సోల్ రీవర్ కావల్రీ (గుర్రాల మీద రక్తపిశాచులు), బేల్‌ఫైర్ కెటపల్ట్, వీళ్ళందరి వెనక శవాల్ని నడిపించే మంత్రగాడు నెక్రోమాన్సర్.

ఇలా ఇష్టమొచ్చినట్టు తీసుకోవడం కుదరదు లెండి, రెజిమెంట్లూ హోర్డ్‌లూ ముందు కొంటేనే వాటి లెక్కన హీరోలకి, మాన్‌స్టర్లకి, ఫిరంగులకి తలుపులు తెరుచుకుంటాయి. అందుకే ఎవడి సైన్యం చూసినా సైన్యంలాగే ఉంటుంది, నాలుగు డ్రాగన్లు ఒక సేనాపతి అనే టైపు తక్కువ.

మొదటి రెండు టర్న్‌లూ ఇద్దరం బొమ్మల్లా నిలబడ్డాం. ఎందుకంటే డ్వార్ఫు స్పీడ్ నాలుగు, ఛార్జ్ దూరం స్పీడ్‌కి రెట్టింపు కాబట్టి ఎనిమిది అంగుళాలు. నా స్కెలిటన్ల స్పీడ్ ఐదు, ఛార్జ్ పది. ఈ గేమ్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు టేప్ పెట్టి కొలుచుకోవచ్చు, దాచుకునేదేం లేదు. నేను తొమ్మిది అంగుళాల దూరంలో ఆగిపోయా, వాడు నన్ను అందుకోలేడు, నేను వాడిని అందుకోగలను. ఐతే వాడి తుపాకులూ ఫిరంగీ ఊరుకోవు కదా, నిలబడితే నాకే నష్టం.

"ఏంటి బావా, రావేంటి ముందుకి?"

"నువ్వు రారా, నీకు రెండంగుళాలు ఎక్కువుందిగా."

ఈ రెండంగుళాల సంభాషణే కింగ్స్ ఆఫ్ వార్ అంటే. ఎవరు ముందు కదిలితే వాడికి నష్టం, అలాగని ఎవరూ కదలకపోతే షూటింగ్ ఉన్నవాడికి లాభం, సినారియో చూస్తే మధ్యకి రమ్మంటుంది. చివరికి నేను జాంబీలని తోశా. జాంబీలు కొట్టడంలో దండగ, కానీ నెర్వ్ దిట్టంగా ఉంటుంది, పైగా ఇలాంటి అన్‌డెడ్‌లకి బెదరడం అనేదే లేదు, ఉంటే ఉంటారు పోతే పోతారు. ఎనిమిది అంగుళాల్లోకి ఎర వేస్తే బావ ఐరన్‌క్లాడ్ హోర్డ్‌తో వచ్చి గుద్దాడు. ఇష్టపడి కాదు, గడియారం తిరుగుతోంది, మధ్య స్థలం కావాలి, నా కెటపల్ట్ అప్పటికే ఆ హోర్డ్‌కి నాలుగైదు డామేజ్ అంటించింది.

అటు పక్కన ఇంకో కథ. బ్రాక్ రైడర్లు దూరం నుంచి వచ్చి గూల్స్‌ని తుడిచిపెట్టేశారు, గూల్స్ పని అదే అనుకోండి, చావడం. శత్రువుని రౌట్ చేసిన యూనిట్‌కి ఒక అవకాశం ఉంటుంది, అక్కడే తిరగొచ్చు, లేదా డీ6 (ఆరు ముఖాల డై) వేసి అన్ని అంగుళాలు ముందుకెళ్ళొచ్చు, లేదా కాస్త వెనక్కి తగ్గొచ్చు. బావ ముందుకెళ్ళి నా సోల్ రీవర్ల పక్కగా జారిపోదామనుకున్నాడు, ఐదో ఆరో పడితే పోయేవాడు కూడా, పడింది ఒకటి. బాడ్జర్లు సరిగ్గా నా రక్తపిశాచుల గుర్రాల ముందు ఆగాయి. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదనుకుంటా.

వేర్‌వుల్ఫ్‌లు అడవి చుట్టూ తిరిగి ఫిరంగి మీద పడ్డాయి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, ఫిరంగి దగ్గరకి ఎవరు చేరినా దాని పని అంతే.

ఇప్పుడు అసలు ముచ్చట. అన్‌డెడ్‌లో చాలా యూనిట్లకి షాంబ్లింగ్ అనే రూల్ ఉంటుంది, అంటే రెట్టింపు వేగంతో పరిగెత్తలేవు, ఈడ్చుకుంటూ నడవాలి. దానికి బదులుగా సర్జ్ అనే మంత్రం ఉంది. షూటింగ్ ఫేజ్‌లో నెక్రోమాన్సర్ డైస్ వేస్తాడు, నాలుగు గానీ ఆపైన గానీ పడ్డ ప్రతి డైకి ఆ యూనిట్ ఒక అంగుళం నేరుగా ముందుకి జరుగుతుంది, శత్రువుకి తగిలిందా, ఛార్జ్ చేసినట్టే లెక్క. ఎనిమిది డైస్ ఉంటే సగటున నాలుగు అంగుళాలు. వినడానికి చిన్న విషయంలా ఉంది కదా. కానీ ఛార్జ్ ఆర్క్ చూసేది ఆ కదలిక మొదలయ్యే చోటు నుంచి. అంటే మూవ్‌మెంట్ ఫేజ్‌లో మామూలుగా నడిచి, ఒకసారి తిరిగి, వాడి పక్క భాగంలోకి వెళ్ళి ఊరికే నిలబడతారు, తర్వాత ఫేజ్‌లో సర్జ్ తోసేస్తే పక్క నుంచి ఛార్జ్. మామూలు సైన్యానికి ఈ రెండు పనులకీ రెండు టర్న్‌లు కావాలి, మధ్యలో శత్రువు తిరిగిపోతాడు. అన్‌డెడ్‌కి ఒక్క టర్న్ చాలు.

జాంబీల కుడి పక్కన రెవెనెంట్లని అందుకే ఉంచా. ఐరన్‌క్లాడ్‌లు జాంబీలకి అతుక్కుని ఉన్నారు, రెవెనెంట్లు నాలుగంగుళాలు ముందుకెళ్ళి, ఎడమకి తిరిగి, మిగిలిన అంగుళం నడిచి ఆగారు. ట్రే ముందంచు మధ్యలో నేనొక చిన్న ఎర్ర చుక్క పెట్టుకుంటా, లీడర్ పాయింట్ అన్నమాట, ఆ చుక్క 45 డిగ్రీల గీత దాటిందా లేదా అని ఇద్దరం వంగి ఒక కన్ను మూసి చూశాం, బావ తన దగ్గరున్న ప్లాస్టిక్ కోణం ముక్క పెట్టి మరీ చూశాడు. దాటింది, ఒక గోరంత. అప్పుడు సర్జ్, ఎనిమిది డైస్, ఐదు సక్సెస్‌లు, కావలసింది నాలుగే.

ఇరవై ఐదు అటాక్స్ యాభై అయ్యాయి. యాభై డైస్ నా చేతుల్లో పట్టలేదు, రెండు విడతలుగా వేశా. ముందు నుంచి జాంబీలు కూడా తిరిగి కొరికారు, అంతా కలిపి హోర్డ్ మీద డామేజ్ ఇరవైకి చేరింది. నెర్వ్ 21/23. అంటే రెండు డైస్ మీద మూడు పడితే చాలు, పోయినట్టే. వేశా, ఎనిమిది. చెయ్యి చాపి హోర్డ్ తీసెయ్యబోతుంటే బావ ఏమీ మాట్లాడకుండా వేలితో తన కింగ్‌ని చూపించాడు. ఇన్‌స్పైరింగ్. ఆరంగుళాల్లోపల అలాంటి నాయకుడుంటే రౌట్ ఫలితాన్ని మళ్ళీ వెయ్యాలి, రెండోసారి వచ్చిందే ఖాయం. మళ్ళీ వేశా. రెండు ఒకట్లు.

రెండు ఒకట్లు పడితే ఎంత డామేజ్ ఉన్నా రౌట్ కాదు. ముప్పై ఆరింట ఒక వంతు అవకాశం.

"చూశావురా, డ్వార్ఫ్ అంటే అదీ."

ఇది నాకు నచ్చిందా నచ్చలేదా అంటే ఆ క్షణాన నచ్చలేదు, కానీ ఆలోచిస్తే ఈ గేమ్‌లో కథలు పుట్టేది ఇక్కడే. ఒక్కొక్క బొమ్మని తీసెయ్యని గేమ్‌లో ఇంత ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది అని అడిగేవాళ్ళకి నేను నెర్వ్ రోల్‌నే చూపిస్తా. ప్రతి గట్టి పోరూ చివరికి ఆ రెండు డైస్ దగ్గరికే వస్తుంది, ఇద్దరూ ముందుకి వంగుతారు. అదే సమయంలో దీని అతిపెద్ద లోపం కూడా ఇదే అని ఒప్పుకోవాలి, ఎంత చక్కగా ప్లాన్ చేసినా ఒక్క రోల్ మొత్తం తిప్పేస్తుంది, లక్కు అంటే పడనివాళ్ళకి ఇది ఒళ్ళు మండిస్తుంది. దానికి మందు ఏంటంటే రోల్ మీద ఆశ పెట్టుకునే పరిస్థితి రాకుండా చూసుకోవడం, అంటే ఇన్‌స్పైరింగ్ ఇచ్చే హీరోని ముందు లేపెయ్యడం, లేదా ఇంకో యూనిట్‌ని కూడా అదే టార్గెట్ మీదకి తెచ్చి డామేజ్ ఇంకా ఎక్కించడం.

ఆ హోర్డ్ తర్వాతి టర్న్‌లో రెవెనెంట్ల మీదకే తిరిగి గుద్దింది. షీల్డ్‌బ్రేకర్లని నేను బెదరగొట్టాననుకుంటే డ్వార్ఫులకి హెడ్‌స్ట్రాంగ్ అని ఒక మొండి రూల్, డై వేస్తే మూడు గానీ ఆపైన గానీ పడితే చాలు, పడింది, తేరుకుని వచ్చేశారు, పెద్ద సుత్తులతో స్కెలిటన్లని పొడి చేశారు. నేను సోల్ రీవర్లని వెనక్కి తిప్పి ఐరన్‌వాచ్ మీదకి వదిలా, మధ్యలో గోడ అడ్డం, గోడ దాటి ఛార్జ్ చేస్తే హిండర్డ్ అని హిట్ రోల్‌లో ఒకటి తగ్గుతుంది, ఐనా తీసేశా. ఆరు టర్న్‌లు ఐపోయాక లెక్క చూస్తే మధ్యలో నాదే పైచెయ్యి. అప్పుడు డై వెయ్యాలి, నాలుగు గానీ ఆపైన గానీ పడితే ఇంకో టర్న్. పడింది. ఆ ఏడో టర్న్‌లో బావ షీల్డ్‌బ్రేకర్లు నా రెండో స్కెలిటన్ రెజిమెంట్‌ని కూడా లేపేసి, కింద మీద పడి ఒక్క పాయింటు తేడాతో గెలిచాడు.

నాకైతే ఈ ఏడో టర్న్ రూల్ ఇష్టమే. ఆరో టర్న్ ఆఖరి క్షణంలో ఒక గుర్రాల గుంపుని మధ్యలోకి పరిగెత్తించి పాయింట్లు కొట్టేసే చిల్లర పనులు తగ్గుతాయి దీనివల్ల. బావకి కూడా ఇష్టమే, ఎందుకో మీకు తెలుసు.

వేరే గేములతో పోలిస్తే ఎక్కడుంది అని అడుగుతారు. ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో హీరోలు వెలుగుతారు, బొమ్మలు కళ్ళు చెదిరేలా ఉంటాయి, ప్రతి యూనిట్‌కీ ఒక ప్రత్యేక విద్య, ప్రతి రౌండ్‌కీ ఎవరు ముందో డై వేసుకోవడం వల్ల వరసగా రెండు టర్న్‌లు ఒకడికే రావడం అనే ఇంకో రకం లక్కు. 2024 జనవరిలో వచ్చిన ది ఓల్డ్ వరల్డ్‌లో పాత వార్‌హామర్ రుచి మొత్తం ఉంది, ఛార్జ్ చేస్తే పారిపోవచ్చు, నిలబడి షూట్ చెయ్యొచ్చు, సేనాపతులు సవాళ్ళు విసురుకోవచ్చు, దానికి తగ్గట్టు రూల్స్ బరువు కూడా ఉంది. కింగ్స్ ఆఫ్ వార్‌లో ఈ మసాలా లేదు. మీ వాంపైర్ లార్డ్ ఎంత గొప్పవాడైనా ఒక సైన్యాన్ని ఒంటిచేత్తో ఊడ్చెయ్యలేడు, మ్యాజిక్ కూడా పొదుపుగానే ఉంటుంది, సహాయం చేస్తుంది తప్ప యుద్ధాన్ని మింగెయ్యదు. నేను రాజుని, నా హీరో కథ కావాలి అనేవాళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుంది, అది వాళ్ళ తప్పు కాదు. నేను సేనాపతిని, నా వరసలు ఎక్కడ నిలబెట్టాలి అనేవాళ్ళకి మాత్రం దీన్ని మించింది నాకు కనబడలేదు.

వాళ్ళ ప్రపంచం పేరు పన్నిథార్. కథలు ఉన్నాయి, చదివా, కొన్ని బావున్నాయి, కానీ నలభై ఏళ్ళ బరువున్న వార్‌హామర్ లోకం పక్కన పెడితే ఇంకా పల్చగానే ఉంటుంది. నైట్‌స్టాకర్స్ అని పీడకలల్లోంచి పుట్టిన సైన్యం ఒకటుంది, అది మాత్రం వేరే ఎక్కడా చూడని సరుకు.

లైన్ ఆఫ్ సైట్, అంటే ఎవరికి ఎవరు కనిపిస్తారు అనే విషయంలో వీళ్ళు చేసిన పనికి దండం పెట్టాలి. బొమ్మ కళ్ళ దగ్గర తల పెట్టి చూడటాలు లేవు, ప్రతిదానికీ ఒక హైట్ నంబర్, నేల మీది సైనికులు రెండు, గుర్రాలవాళ్ళు మూడు, అడవులూ గోడల్లాంటి టెర్రైన్‌కీ అలాగే ముందే నంబర్ అనుకుంటాం. మీ బొమ్మ చెయ్యెత్తి కత్తి ఆకాశానికి పెట్టి ఉన్నా నంబర్ మారదు. ఆట మధ్యలో గొడవలు సగం ఇక్కడే తీరిపోతాయి. మిగతా సగం మూలల దగ్గర వస్తాయి, రెండు ట్రేల మధ్య అంగుళం ఖాళీ ఉందా లేదా, తిరిగేటప్పుడు మూల తగిలిందా లేదా, ఇందాక చెప్పిన ఎర్ర చుక్క గీత దాటిందా లేదా. ఓపిగ్గా ఉండే మనిషితో ఆడండి, లేదంటే మిల్లీమీటర్ల మీద స్నేహాలు పోతాయి.

బొమ్మల గురించి. యూనిట్ ఒక్క ముక్క కాబట్టి విడివిడి బేసులు అక్కర్లేదు, మొత్తం ఒకే పెద్ద బేస్ మీద అంటించెయ్యొచ్చు. 20 మిల్లీమీటర్ల బేసుల లెక్కన ఇరవై మంది రెజిమెంట్ అంటే ఐదు వరసగా నాలుగు లోతుగా, 100 బై 80 మిల్లీమీటర్ల పలక. ముఖ్యమైంది పలక సైజు, దాని మీద ఎన్ని బొమ్మలన్నది సగానికి పైగా ఉంటే నడిచిపోతుంది. ఏ కంపెనీ బొమ్మలైనా పర్లేదు. ఇది పెయింట్ చేసేవాళ్ళకి వరం. నా రెవెనెంట్ల పలక మీద మధ్యలో బొమ్మలే లేవు, కార్క్ ముక్కలు చీల్చి పగిలిన సమాధి కట్టా, మూతని కొంచెం వంచి అంటించా, అందులోంచి ఒకడు మోచేతుల మీద లేస్తున్నాడు, వాడి కింది సగం లేనేలేదు, నడుం దగ్గర కోసి కార్క్‌లోకి దిగ్గొట్టా. పక్కనే ఇంకొకడికి తల మిగల్లేదు, తలని చేతికి ఇచ్చా. ఇసక మీద ముదురు గోధుమ వాష్ పోసి, ఆరాక ఎముక రంగుతో పైపైన డ్రై బ్రష్ చేస్తే చాలు, మూడడుగుల దూరం నుంచి చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. ఇరవై మందిని వేరువేరుగా పెయింట్ చెయ్యడం కన్నా ఇది ఎంత హాయో చెప్పలేను.

ఒక చిన్న హెచ్చరిక, అలా మొత్తం అంటించేస్తే ఆ బొమ్మలు వేరే గేములకి పనికిరావు. రెండూ కావాలంటే పలక కింద స్టీల్ షీట్, బేసులకి అయస్కాంతాలు. నేను మూవ్‌మెంట్ ట్రేలు ఒక చోట నుంచి తెప్పిస్తే సగం వంకరగా వచ్చాయి, టేబుల్ మీద పెడితే ఊగేవి, మార్చమంటే జవాబే లేదు, అప్పటినుంచి మందపాటి ప్లాస్టిక్ షీట్ కొని నేనే కోసుకుంటున్నా, కొలత కూడా సరిగ్గా వస్తుంది.

మాంటిక్ సొంత బొమ్మల్లో జాంబీలూ గూల్స్ నాకు బాగా ఇష్టం, ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి మార్చుకోవచ్చు, అరవై మందిలో ఇద్దరు ఒకేలా లేకుండా చెయ్యొచ్చు. పాత ఎల్ఫులు మాత్రం నా టేస్ట్ కాదు, మరీ సన్నగా సాగదీసినట్టు ఉంటాయి, కొనేముందు ఫోటోలు చూసుకోండి.

రూల్స్ నేర్చుకోవడం తేలిక, కోర్ రూల్స్ ఒక్క సిట్టింగ్‌లో చదివెయ్యొచ్చు, సైన్యం లెక్కలు వేసుకోవడానికి మాంటిక్ కంపానియన్ యాప్ ఉంది. పుస్తకం కొనేముందు మీ సైన్యం అందులో ఉందో లేదో చూడండి, డ్వార్ఫులూ అన్‌డెడ్‌లూ మెయిన్ బుక్‌లోనే ఉన్నాయి, కొన్ని సైన్యాలు మాత్రం అన్‌చార్టెడ్ ఎంపైర్స్ అనే వేరే పుస్తకంలో ఉంటాయి. చిన్న టేబుల్ మీద తక్కువ పాయింట్లతో ఆడాలంటే ఆంబుష్ అని దీనిదే చిన్న రూపం ఉంది, రెండు మూడు రెజిమెంట్లతో మొదలెట్టొచ్చు, కానీ ఫ్లాంకులకి చోటు తక్కువ కాబట్టి అసలు మజా అందులో పూర్తిగా తెలీదు.

అన్‌డెడ్‌తో మొదలెట్టేవాళ్ళకి నా సలహా, ముందు జాంబీలు ఒక పెద్ద గుంపు, రెవెనెంట్లు ఒక హోర్డ్, తర్వాత నెక్రోమాన్సర్లు ఒకరు కాదు ఇద్దరు, ఎందుకంటే మొదటివాడిని ఎదుటివాడు రెండో టర్న్‌లోపే వెతికి మరీ చంపుతాడు. వాంపైర్ల గుర్రాలు చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా ఆఖర్న కొనండి. డ్వార్ఫులు కావాలంటే మా బావని అడగాలి, ఆయన మాత్రం కింగ్ లేకుండా సైన్యం కట్టొద్దంటాడు.